ఈ చమురు ఏ రాయి బిడ్డ? ఆరోమాటిక్ ఆధారాల్లో దేన్ని నమ్మాలి

గోదావరి డెల్టాలోని ఒక బావి నుంచి ముడి చమురు శాంపిల్ వచ్చింది. చిన్న గాజు సీసాలో, మూత కింద అల్యూమినియం ఫాయిల్‌తో బల్ల మీద ఉంది. అది దొరికిన ఇసుకరాయి దానికి అద్దె ఇల్లు. పుట్టిల్లు ఇంకా లోతున, ఏదో షేల్‌లో (బంకమట్టి గట్టిపడి ఏర్పడిన రాయి) ఉంది. అది ఏ షేలో తెలిస్తే తర్వాతి బావి ఎటువైపు తవ్వాలో తెలుస్తుంది.

జవాబు కోసం ఆరోమాటిక్ హైడ్రోకార్బన్ల (బెంజీన్ వలయాలున్న చమురు అణువులు) దగ్గరికి వెళ్తే ఆధారాలకు కొదవ లేదు. అదే ఇబ్బంది. ఎంపీఐ, ఎండీఆర్, రెటీన్, ట్రైఆరోమాటిక్ స్టెరాయిడ్లు, ఐసోటోపులు... ఏ థీసిస్ తిరగేసినా పదిహేను నిష్పత్తులు, పది గ్రాఫులు కనిపిస్తాయి. చేతిలో ఉన్నది ఒక్క సీసా, నాలుగు రాతి ముక్కలు, అణువులను విడదీసి గుర్తుపట్టే జీసీ-ఎంఎస్ మెషీన్ మీద రెండు రోజుల టైము. వీటిలో దేనికి ఓటు వేయాలి?

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. మీ అనుమానితులెవరో ముందు కాగితం మీద రాసుకోండి. వాళ్ల మధ్య తేడా ఏ నిష్పత్తిలో బయటపడుతుందో దాన్నే పట్టుకోండి. ఇంట్లో అందరికీ ఉన్న ముక్కును చూపించి, ఈ బిడ్డ ఫలానా వాళ్లదేనని తేల్చలేం కదా.

## కేజీ బేసిన్‌లో అనుమానితులు

కృష్ణా-గోదావరి (కేజీ) బేసిన్‌లో సోర్స్ రాక్ (చమురు పుట్టిన రాయి) అనగానే వినిపించే పేర్లు నాలుగు. చాలావరకు మన ఊళ్ల పేర్లే.

| సోర్స్ రాక్ | వయసు | స్వభావం | ఎక్కడి నిక్షేపాలతో ముడిపెడతారు |
|---|---|---|---|
| కొమ్ముగూడెం | పెర్మియన్ | బొగ్గు పొరలు, షేల్ | మండపేట గ్యాస్ |
| రాఘవాపురం | క్రెటేషియస్ | సముద్ర ప్రభావం ఉన్న షేల్ | లింగాల, కైకలూరు వైపు |
| పాలకొల్లు | పాలియోసీన్ | సముద్ర షేల్ | పాశర్లపూడి, తాటిపాక వైపు |
| వడపర్రు | ఈయోసీన్, ఆ పైన | డెల్టా ముందరి సముద్ర షేల్ | రవ్వ, సముద్రంలోని ఇతర నిక్షేపాలు |

రాఘవాపురానికీ పాలకొల్లుకూ నడుమ రాజోలు అగ్నిశిలలు పరుచుకుని ఉన్నాయి. దక్కన్ లావాతో పాటు, సుమారు 6.6 కోట్ల ఏళ్ల కిందటివి. చమురు ఆ బసాల్టు పైన పుట్టిందా, కింద పుట్టిందా అన్నది కేజీ బేసిన్‌లో తరచూ వచ్చే ప్రశ్న.

అసలు చిక్కు ఏమిటంటే, ఈ నాలుగింటిలోనూ నేల మొక్కల పదార్థం ఎక్కువ. చమురుగా మారే రాతిలోని సేంద్రియ పదార్థాన్ని కెరోజెన్ అంటారు; ఆ భాషలో నేల మొక్కలది టైప్-3, దాని వాటా పెద్దది. అందుకే నేల మొక్కా, సముద్రపు నాచా అని అడిగే పరీక్షలన్నీ నలుగురినీ ఒకే గాటన కట్టేస్తాయి. తేడా ఉన్నది వయసులో. కొమ్ముగూడెం బొగ్గు ఏర్పడినప్పుడు భూమ్మీద పూల మొక్కలే లేవు, గ్లాసాప్టెరిస్ అడవులు ఉండేవి. రాఘవాపురం కాలంలో పైన్ లాంటి కోనిఫర్లదే రాజ్యం, పూల మొక్కలు అప్పుడే తలెత్తుతున్నాయి. పాలకొల్లు, వడపర్రు వచ్చేసరికి అడవులన్నీ పూల మొక్కలవే. ఈ తేడాను చూపించగల ఆరోమాటిక్ అణువు ఏదో అదే మనకు కావాలి.

## ఏ తూకంతో తూచాలి

మొదటిదీ, అన్నిటికంటే ముఖ్యమైనదీ: ఈ నిష్పత్తి పుట్టుక చెబుతుందా, వేడి చెబుతుందా? ఈ తేడా మర్చిపోయిన థీసిస్‌లు చాలా చూశాను. మన దగ్గరున్న రాతి ముక్క సాధారణంగా బేసిన్ అంచున, తక్కువ లోతులో తవ్విన బావిలోది. విట్రినైట్ రిఫ్లెక్టెన్స్ (రాయి ఎంత ఉడికిందో చెప్పే కొలత) 0.5 శాతం దగ్గర, ఇంకా పచ్చిగా ఉంటుంది. చమురు మాత్రం అదే షేల్ బేసిన్ నడిబొడ్డున, 0.9 శాతం దగ్గర ఉడికిన చోట పుట్టింది. జియాలజిస్టులు ఆ చోటును కిచెన్ అంటారు. అక్కడి నుంచి కోర్ (బావిలోంచి తీసే రాతి స్తంభం) తెచ్చినవాళ్లు అరుదు. కాబట్టి వేడితో మారే నిష్పత్తులు తల్లీబిడ్డల మధ్య కలవకపోవడమే సహజం. అవి అచ్చుగుద్దినట్టు కలిశాయంటే నాకైతే కాస్త అనుమానం వేస్తుంది.

రెండోది, తట్టుకునే శక్తి. తక్కువ లోతులో చమురును బాక్టీరియా తింటుంది, నీళ్లు కడిగేస్తాయి. ఆ తర్వాత ఏ అణువులు మిగులుతాయి?

మూడోది, మన వల్ల జరిగే పాడు. డ్రిల్లింగ్ మడ్‌లో (తవ్వేటప్పుడు బావిలోకి పంపే బురద ద్రవం) డీజిల్ కలిస్తే రాతి ముక్కలకు అదే అంటుకుంటుంది. ల్యాబ్‌లో సాల్వెంట్ ఆవిరి చేసేటప్పుడు తేలికపాటి అణువులు ఎగిరిపోతాయి.

నాలుగోది, మెషీన్. మామూలు జీసీ-ఎంఎస్ చాలా, లేక జీసీ-ఎంఎస్-ఎంఎస్, ఐసోటోపు మెషీన్ లాంటివి కావాలా?

## మిథైల్ ఫినాంత్రీన్లు: మంచి థర్మామీటర్

అందరూ ముందు చేసే పరీక్ష ఇదే. మూడు బెంజీన్ వలయాలు అతుక్కుని ఉన్న ఫినాంత్రీన్‌కు ఒక మిథైల్ తగిలితే మిథైల్ ఫినాంత్రీన్ (ఎంపీ). మిథైల్ 1, 9 స్థానాల్లో ఉంటే అణువు అంత స్థిరంగా ఉండదు. 2, 3 స్థానాల్లో ఉంటే వేడిని బాగా తట్టుకుంటుంది. 1983లో రాడ్కె, వెల్టె దీన్ని ఒక లెక్కగా మార్చారు:

ఎంపీఐ-1 = 1.5 × (2-ఎంపీ + 3-ఎంపీ) ÷ (ఫినాంత్రీన్ + 1-ఎంపీ + 9-ఎంపీ)

దాని నుంచి లెక్కగట్టే రిఫ్లెక్టెన్స్ = 0.60 × ఎంపీఐ-1 + 0.40. ఇది 1.35 శాతం వరకే. అది దాటాక ఎంపీఐ వెనక్కి తిరుగుతుంది, అప్పుడు సూత్రం −0.60 × ఎంపీఐ-1 + 2.30.

ఈ వెనక్కి తిరగడం దగ్గరే బోల్తా పడతారు. మండపేట వైపు నుంచి వచ్చిన ఒక కండెన్సేట్‌లో (గ్యాస్‌తో పాటు వచ్చే తేలికపాటి చమురు) ఎంపీఐ 0.8 అనుకుందాం. మొదటి సూత్రం ప్రకారం 0.88 శాతం, రెండో దాని ప్రకారం 1.82 శాతం. ఒకటి చమురు పుట్టే దశ, రెండోది గ్యాస్ దశ. ఏది నిజమో ఎంపీఐ ఒక్కటే చెప్పలేదు. మిథైల్ డైబెంజోథయోఫీన్ల నిష్పత్తి (ఎండీఆర్, అంటే 4-మిథైల్‌ను 1-మిథైల్‌తో భాగిస్తే వచ్చేది) చూడాలి. రిఫ్లెక్టెన్స్ = 0.073 × ఎండీఆర్ + 0.51 అన్న రాడ్కె సూత్రంలో వేస్తే, మొదటి జవాబుకు ఎండీఆర్ 5 దగ్గర, రెండోదానికి 18 దగ్గర ఉండాలి. అంత తేడా కంటికే కనిపిస్తుంది. కాకపోతే గంధకం తక్కువున్న మన చమురుల్లో 1-మిథైల్ పీకు (మెషీన్ గ్రాఫులో ఆ అణువు చూపే శిఖరం) చాలా చిన్నది. 18 వచ్చే చోట అది బేస్‌లైన్‌ను రాసుకుంటూ పోతుంది. ఇంటిగ్రేషన్ గీత ఒక్క పిసరు కిందకి జరిగినా 18 కాస్తా 12 అవుతుంది.

ఈ స్కేలు టైప్-3 పదార్థం మీద తయారైంది కాబట్టి కేజీ బేసిన్‌కు బాగానే కుదురుతుంది. చేయండి, తప్పకుండా చేయండి. కానీ దీనితో తల్లిని వెతకొద్దు. థర్మామీటర్ పెట్టి, జ్వరం 101 ఉంది కాబట్టి ఈ బిడ్డ సుబ్బారావుగారి అబ్బాయే అన్నట్టు ఉంటుంది. పుట్టుక గురించి ఇది చెప్పే కొద్దిపాటి మాట 1-ఎంపీ, 9-ఎంపీల నిష్పత్తిలో ఉంది. కోనిఫర్ రెసిన్ ఎక్కువైన చోట 1-ఎంపీ పొడుగ్గా నిలబడుతుంది. అదీ పక్వత తక్కువున్నప్పుడే.

## డైబెంజోథయోఫీన్, ఫినాంత్రీన్: సున్నపురాయా, షేలా?

దీని వెనకున్న ఆలోచన అందంగా ఉంటుంది. సముద్రపు బురదలో బాక్టీరియా గంధకాన్ని విడుదల చేస్తుంది. బంకమట్టితో పాటు ఇనుము ఉంటే ఆ గంధకం పైరైట్‌గా గడ్డకట్టి పక్కకు తప్పుకుంటుంది. సున్నపు బురదలో ఇనుము ఉండదు, కాబట్టి గంధకం సేంద్రియ పదార్థంలోకే దూరుతుంది, చివరికి డైబెంజోథయోఫీన్‌గా చమురులో తేలుతుంది. 1995లో హ్యూజ్ బృందం డైబెంజోథయోఫీన్, ఫినాంత్రీన్ల నిష్పత్తిని ప్రిస్టేన్, ఫైటేన్ (చమురులోని రెండు గొలుసు అణువులు) నిష్పత్తితో కలిపి గ్రాఫు గీసింది. డైబెంజోథయోఫీన్ ఫినాంత్రీన్‌ను మించితే కార్బొనేట్ వైపు, తగ్గితే షేల్ వైపు. ప్రిస్టేన్ ఫైటేన్‌కు మూడింతలు దాటితే నది, డెల్టా, బొగ్గు వైపు.

సౌదీ అరేబియా లాంటి చోట ఇది బంగారం. అక్కడ జురాసిక్ కాలపు హనీఫా, తువైక్ పర్వత శిలలు కార్బొనేట్లు. సిలూరియన్ కాలపు కుసైబా మాత్రం షేల్. ఆ రెండింటి బిడ్డలూ ఈ గ్రాఫులో చెరో మూలకు పోతాయి.

కేజీలో? నాలుగూ షేళ్లే, నాలుగింటిలోనూ బంకమట్టి, ఇనుము పుష్కలం. కాబట్టి చుక్కలన్నీ గ్రాఫు అడుగున గుంపుగా పడతాయని ముందే ఊహించుకోవచ్చు. గుంపుకు దూరంగా ఒక చుక్క పడిందంటే మాత్రం ఆగి చూడండి. కొత్త సోర్స్ దొరికిందని సంబరపడేలోపు శాంపిల్ సీసాలు తారుమారయ్యాయేమో చూసుకోండి.

## మొక్కల గుర్తులు: కేజీలో అసలు ఆట ఇక్కడే

రెటీన్ కోనిఫర్ల రెసిన్ నుంచి వస్తుందని పాఠాల్లో చెబుతారు. కడాలీన్ నేల మొక్కలన్నిటి నుంచీ వస్తుంది. ఒలియనేన్ కుటుంబం పూల మొక్కలది. ఆ కుటుంబం వేడికి, కాలానికి విరిగి ఆరోమాటిక్‌గా మారితే 1,2,7-ట్రైమిథైల్ నాఫ్తలీన్ లాంటివి మిగులుతాయి.

మన అనుమానితుల పట్టిక పక్కన పెట్టి చూడండి. పూల మొక్కల ఆరోమాటిక్‌లు దండిగా ఉంటే పాలకొల్లు, వడపర్రుల వైపు మొగ్గాలి. అవి లేకుండా రెటీన్ ఎక్కువగా ఉంటే రాఘవాపురాన్ని గట్టిగా అనుమానించాలి. బసాల్టు పైనా, కిందా అన్న ప్రశ్నకు ఇంత సూటిగా జవాబిచ్చే ఆరోమాటిక్ ఆధారం ఇంకోటి లేదు.

దీనికి ఇంకో లాభం కూడా ఉంది. ఒలియనేన్ మామూలుగా సాచురేట్ ఫ్రాక్షన్‌లో (ఆరోమాటిక్ వలయాలు లేని అణువుల భాగం) చూసే బయోమార్కర్, అంటే జీవుల గుర్తు మిగిలిన అణువు. కానీ ఆదిలోనే సముద్రపు నీరు తగిలిన బురదలోనే అది ఒలియనేన్‌గా బాగా నిలుస్తుందని, మంచినీటి బురదలో ఆ అణువులు ఆరోమాటిక్ వైపు మారిపోతాయని 1990లలోనే చూపించారు. అంటే డెల్టాలో పుట్టిన చమురులో ఒలియనేన్ తక్కువగా కనిపిస్తే, పూల మొక్కలు లేవని తేల్చేయకండి. ఆరోమాటిక్ వైపు వెళ్లి చూడండి.

ఇక లోపాలు. అవి తక్కువేం కాదు.

రెటీన్ ఒక్క కోనిఫర్ల సొత్తేమీ కాదు, కొన్ని నాచుల నుంచి కూడా రావచ్చు. పెర్మియన్ గోండ్వానా బొగ్గుల్లోనూ కనిపిస్తుంది. కాబట్టి రెటీన్‌ను చూసి రాఘవాపురం అనేయకండి, కొమ్ముగూడెం కూడా చెయ్యెత్తుతుంది. వేడి బాగా పెరిగితే రెటీన్ తన కొమ్మలు రాల్చుకుని మామూలు ఫినాంత్రీన్లలో కలిసిపోతుంది.

మెషీన్‌లో ఎం/జడ్ (అయాన్ బరువు, ఆవేశాల నిష్పత్తి) 198 అయాన్‌లో కడాలీన్, మిథైల్ డైబెంజోథయోఫీన్లు రెండూ వస్తాయి. కడాలీన్‌కు 183 అయాన్ చూడాలి, రెటీన్‌కు 219, 234 రెండూ సరిపోలాలి. 1,2,7 పీకు పొరుగు పీకులతో అతుక్కుని వస్తుంది కాబట్టి స్టాండర్డ్ లేకుండా దాని మీద ప్రమాణం చేయకండి.

అన్నిటికంటే పెద్ద గండం ఆవిరి కావడం. ట్రైమిథైల్ నాఫ్తలీన్లు కూడా నాఫ్తలీన్ బంధువులే, బీరువాలో చీరల మధ్య పెట్టే కలరా ఉండల వంశమే. నేను కొత్తలో ఒక రాతి ఎక్స్‌ట్రాక్ట్‌ను నైట్రోజన్ గాలి కింద పెట్టి టీకి వెళ్లాను. వచ్చేసరికి సీసా అడుగు ఎండిపోయి ఉంది. పర్వాలేదులే అని మళ్లీ డైక్లోరోమీథేన్ పోసి మెషీన్‌కు ఎక్కించాను. ఫినాంత్రీన్లు నిక్షేపంగా ఉన్నాయి. నాఫ్తలీన్ల వైపు మాత్రం బేస్‌లైన్ తప్ప ఏమీ లేదు. "ఈ షేల్‌లో పూల మొక్కల గుర్తులు లేవు" అని నోట్‌బుక్‌లో రాసేశాను కూడా. వారం తర్వాత, సీసా పూర్తిగా ఆరకముందే తీసేసి మళ్లీ చేస్తే అవన్నీ ఉన్నాయి. అప్పటి నుంచి చివరి అర మిల్లీలీటరు దగ్గర సీసా పక్కనే కూర్చుంటాను. టీ అక్కడికే వస్తుంది.

## ట్రైఆరోమాటిక్ స్టెరాయిడ్లు: మొండి సాక్షి

నా చేతిలో ఒక్క ఓటే ఉంటే దీనికే వేస్తాను. నాచులు, మొక్కల్లో ఉండే స్టెరాల్‌లు ముందు ఒక వలయం ఆరోమాటిక్‌గా, తర్వాత మూడు వలయాలూ ఆరోమాటిక్‌గా మారతాయి. ఆ మార్పులో ఒక మిథైల్ పోతుంది కాబట్టి స్టెరేన్లలోని (స్టెరాల్‌ల సాచురేట్ రూపాలు) సీ27, సీ28, సీ29 (అంకె కార్బన్ల సంఖ్య) ఇక్కడ సీ26, సీ27, సీ28గా కనిపిస్తాయి.

ఎం/జడ్ 231 తెరిస్తే ముందు సీ20, సీ21 జంట, తర్వాత కాస్త ఖాళీ, ఆ తర్వాత ఐదు పీకుల వరుస. ఆ ఐదింటిలో రెండోదాన్ని నమ్మకండి. సీ26 20ఆర్, సీ27 20ఎస్ (ఆర్, ఎస్ అంటే ఒకే అణువుకుండే రెండు ఆకారాలు) రెండూ ఒకే పీకులో కూర్చుంటాయి. అందుకే అనుభవమున్నవాళ్లు సీ26, సీ28ల 20ఎస్ నిష్పత్తి, సీ27, సీ28ల 20ఆర్ నిష్పత్తి మాత్రమే తీసుకుంటారు. ఈ రెండూ వేడికి పెద్దగా చలించవు. పచ్చి రాయికీ ఉడికిన చమురుకూ నడుమ నిలబడగలిగే పోలిక ఇదే.

బాక్టీరియా స్టెరేన్లను తినేశాక కూడా ఇవి మిగులుతాయి. డీజిల్ మడ్ అంటుకున్న కటింగ్స్‌లోనూ (తవ్వేటప్పుడు పైకొచ్చే రాతి ముక్కలు) ఇవే దిక్కు, ఎందుకంటే ఇంత బరువైన అణువులు డీజిల్ మరిగే హద్దుకు పైన ఉంటాయి. అదే కటింగ్స్‌లో కనిపించే నాఫ్తలీన్లు, ఫినాంత్రీన్లు రాతివో, డ్రిల్లర్ డ్రమ్ములోవో చెప్పలేం.

వయసు సంగతికి వస్తే ఎం/జడ్ 245లో ట్రైఆరోమాటిక్ డైనోస్టెరాయిడ్లు ఉన్నాయి. డైనోఫ్లాజెల్లేట్లు అనే సముద్రపు సూక్ష్మజీవుల గుర్తులు ఇవి. ట్రయాసిక్ నుంచి బాగా కనిపిస్తాయి, పెర్మియన్‌లో అరుదు. మన చమురులో ఇవి స్పష్టంగా ఉంటే కొమ్ముగూడెం ఒక్కటే తల్లి అనే వాదన కూలిపోతుంది. లేకపోతే మాత్రం ఏమీ తేలదు. మంచినీటిలో ఏర్పడిన షేల్ ఏ కాలానిదైనా ఇవి సాధారణంగా కనిపించవు. పైగా రాఘవాపురం, పాలకొల్లు రెండూ ట్రయాసిక్ తర్వాతివే కాబట్టి వాటిని విడదీయడానికి ఇది పనికిరాదు, మళ్లీ మొక్కల గుర్తుల దగ్గరికే రావాలి. 245లో ఇతర మిథైల్ స్టెరాయిడ్లు పైన పడుతుంటాయి, జీసీ-ఎంఎస్-ఎంఎస్ ఉంటే బతికిపోయారు.

దీని బలహీనత ఒకటే, కానీ పెద్దది. కండెన్సేట్లలో ఇవి దాదాపు మాయమవుతాయి. మండపేట లాంటి గ్యాస్ క్షేత్రాల్లో ఈ సాక్షి కోర్టుకు రాదు.

## ఆరిల్ ఐసోప్రెనాయిడ్లు, ఐసోటోపులు

ఆరిల్ ఐసోప్రెనాయిడ్లు (ఎం/జడ్ 133, 134) ఆకుపచ్చ గంధక బాక్టీరియా గుర్తులు. ఎండ తగిలే లోతులోనే ఆక్సిజన్ లేని, గంధకపు నీళ్లున్న సముద్రాన్ని సూచిస్తాయి. నదుల ఒండ్రు జోరుగా వచ్చి పడే మన తీరంలో వీటి మీద ఆశ పెట్టుకోను. ఫుల్ స్కాన్‌లో ఎలాగూ వస్తాయి కాబట్టి ఒకసారి చూసి వదిలేయండి.

ఐసోటోపుల్లో చవకైనది సాచురేట్, ఆరోమాటిక్ ఫ్రాక్షన్ల కార్బన్-13 విలువలు పోల్చడం. సోఫర్ 1984లో ఇచ్చిన లెక్క ప్రకారం, సాచురేట్ విలువను −2.53తో, ఆరోమాటిక్ విలువను 2.22తో హెచ్చించి కలిపి, 11.65 తీసేస్తే వచ్చేది 0.47 కంటే ఎక్కువైతే నేల మొక్కల చమురు, తక్కువైతే సముద్రపు చమురు. సాచురేట్ −28.0‰, ఆరోమాటిక్ −26.0‰ అయితే 1.47 వస్తుంది, నేల వైపు. కేజీలో నలుగురూ అటువైపే నిలబడే అవకాశం ఎక్కువ కాబట్టి గీతకు ఏ వైపు అన్నదానికంటే, చమురు విలువకూ ఒక్కో రాతి విలువకూ ఎంత దూరం ఉందో చూడటం మేలు. ఒక్కో అణువుకూ విడిగా ఐసోటోపు కొలిచే పద్ధతి ఖరీదైనది, పీకులు శుభ్రంగా విడిపోవాలి. కానీ కండెన్సేట్ చేతిలో ఉన్నవాళ్లకు అంతకంటే మంచి దారి తక్కువ.

## పక్కపక్కన పెడితే

| ఆధారం | పుట్టుక చెబుతుందా | బాక్టీరియాను తట్టుకుంటుందా | డీజిల్ మడ్ భయం | కేజీలో విలువ |
|---|---|---|---|---|
| మిథైల్ ఫినాంత్రీన్లు | చాలా తక్కువ | మధ్యస్థం | ఉంది | వేడి కొలవడానికి |
| డైబెంజోథయోఫీన్, ఫినాంత్రీన్ | రాతి రకం మాత్రమే | మధ్యస్థం | ఉంది | తక్కువ |
| రెటీన్, కడాలీన్, 1,2,7-నాఫ్తలీన్ | మొక్క జాతి, కాలం | నాఫ్తలీన్లు ముందే పోతాయి | నాఫ్తలీన్లకు బాగా ఉంది | చాలా ఎక్కువ |
| ట్రైఆరోమాటిక్ స్టెరాయిడ్లు | బాగా | చాలా బాగా | దాదాపు లేదు | చాలా ఎక్కువ, కండెన్సేట్లలో తప్ప |
| ఫ్రాక్షన్ ఐసోటోపులు | కొంతవరకు | బాగానే | ఉంది | తోడు సాక్షి |

## ఇంతకీ మీరు ఎవరు?

ఎమ్మెస్సీ, ఎంటెక్ ప్రాజెక్టు చేస్తున్నవాళ్లయితే మెషీన్ టైము తక్కువ, టెన్షన్ ఎక్కువ. ఒక్క ఆరోమాటిక్ ఫ్రాక్షన్‌ను ఒక్కసారి ఫుల్ స్కాన్‌లో నడపండి, పైన చెప్పిన అయాన్లన్నీ అందులోంచే తీసుకోవచ్చు. కాలమ్‌లో హెక్సేన్ అతిగా పోస్తే కొన్ని ఆరోమాటిక్‌లు సాచురేట్లతో పాటే దిగిపోతాయి, జాగ్రత్త. థీసిస్‌లో ఎంపీఐకి ఒక పేరా చాలు, స్టెరాయిడ్లకూ మొక్కల గుర్తులకూ అధ్యాయం ఇవ్వండి.

చేతిలో ఉన్నది కండెన్సేట్ అయితే క్రమం తిరగేయాలి. ఎంపీఐ, ఎండీఆర్ కలిపి చూసి వేడి తేల్చుకోండి, తర్వాత ఐసోటోపులకు వెళ్లండి. ఆ వేడి ఏ షేల్‌కు ఆ లోతులో సాధ్యమో బేసిన్ మోడల్ చెబుతుంది. ఇక్కడ తల్లిని వెతికేది పోలికతో కంటే వేడి లెక్కతో.

తక్కువ లోతులో దొరికిన, బాక్టీరియా తిన్న చమురైతే ట్రైఆరోమాటిక్‌లతో మొదలుపెట్టి అక్కడే ఎక్కువ సేపు ఉండండి.

రెండు సోర్స్‌ల చమురు కలిసిందని అనుమానం ఉంటే నిష్పత్తులు అబద్ధమాడతాయి. ఊహకు ఒక లెక్క. ఒక చమురులో ట్రైఆరోమాటిక్ స్టెరాయిడ్లు 400 పీపీఎం, బాగా ఉడికిన ఇంకో దానిలో 5 పీపీఎం ఉన్నాయనుకోండి. మొదటిది 1 పాలు, రెండోది 9 పాళ్లు కలిపితే మొత్తం స్టెరాయిడ్లలో దాదాపు 90 శాతం మొదటిదానివే. సీసాలో పదోవంతు ఉన్న చమురు పోలికే మొత్తానికీ వచ్చేస్తుంది. మనం తొంభై శాతం తల్లిని వదిలేసి పది శాతం తల్లి పేరు రాస్తాం. ఇలాంటి చోట ఇంటర్నల్ స్టాండర్డ్ (తెలిసిన మోతాదులో కలిపే అణువు) వేసి అసలు గాఢతలు కొలవాలి, లేకపోతే పని మొదలుపెట్టకపోవడమే నయం. పైకి వస్తూ దారిలో పచ్చి షేల్‌ను, బొగ్గును కడుక్కుంటూ వచ్చిన చమురు కూడా ఇలాగే మోసం చేస్తుంది. రాజోలు బసాల్టు కింద పుట్టి, దానిపైనున్న టెర్షియరీ (పాలియోసీన్, ఆ తర్వాతి) పొరల్లోకి ఎక్కిన చమురుకు దారిలో పూల మొక్కల గుర్తులు అంటుకోవచ్చు. అందుకే మొక్కల గుర్తులు పాలకొల్లు అంటున్నా, స్టెరాయిడ్ల నిష్పత్తి కూడా అదే మాట అనేదాకా నేను సంతకం పెట్టను.

కంపెనీ రిపోర్టు రాసేవాళ్లకు ఒక మాట. "ఈ రాయి కాదు" అని రాయడానికి ఒక్క బలమైన తేడా చాలు. "ఈ రాయే" అని రాయడానికి మిగతా ముగ్గురినీ ఒక్కొక్కరిగా కొట్టేసి ఉండాలి. పై అధికారులు రెండో వాక్యమే అడుగుతారు. మొదటి రకం వాక్యాలు మూడు రాయగలిగితే ఆ రిపోర్టు అప్పటికే మంచి రిపోర్టు.

మిగిలిన ఆరోమాటిక్ ఫ్రాక్షన్‌ను పారేయకండి. టెఫ్లాన్ మూతున్న సీసాలో, సాల్వెంట్ మట్టం దగ్గర మార్కర్‌తో గీత గీసి ఫ్రీజర్‌లో పెట్టండి. ఎప్పుడైనా లోతైన బావి నుంచి పాలకొల్లు షేల్ కోర్ ఒకటి చేతికొస్తే, ఈ చమురునూ ఆ రాతినీ ఒకే రోజు, ఒకే కాలమ్ మీద, ఒకదాని వెంట ఒకటి నడపాలి. రెండేళ్ల కిందటి రన్‌ను నిన్నటి రన్‌తో పోల్చకండి. సీసా తీసినప్పుడు మట్టం గీతకు కిందకి దిగి ఉంటే, నాఫ్తలీన్లను ఆ లెక్కలోంచి తీసేయండి.